అమెరికాలో పిల్లలందరూ సాకర్ ఆడుతున్నా మగవాళ్ల జట్టు ఎందుకు గెలవదు? మా బాబు క్లబ్‌కి 3,000 డాలర్లు కట్టాలా?

మీరు అడిగింది కుదించి చెప్పుకుందాం. డాలస్ దగ్గర ఫ్రిస్కోకి కొత్తగా వచ్చారు. బాబుకి 9 ఏళ్లు, పాపకి 7. శనివారం పొద్దున ఏ మైదానం చూసినా సాకర్ ఆడే పిల్లలే. ఇంతమంది ఆడే దేశం మగవాళ్ల ప్రపంచ కప్పు ఒక్కసారి కూడా గెలవలేదేం, ఆడవాళ్లు నాలుగుసార్లు ఎలా గెలిచారు, బాబుని ట్రావెల్ టీమ్‌లో (వేరే ఊళ్లకి వెళ్లి పోటీలాడే జట్టులో) తీసుకుంటామని ఏడాదికి 3,000 డాలర్లు అడుగుతున్న క్లబ్‌కి కట్టాలా అన్నది మీ సందేహం.

విడివిడిగా కనిపిస్తున్నా ఈ మూడింటికీ జవాబు ఒకటే. ఈ దేశంలో సాకర్ వీధుల్లోంచి పెరగలేదు. ఫీజు కట్టగల ఇళ్లలోంచి, స్కూళ్లలోంచి, కాలేజీల్లోంచి పెరిగింది. ఆడవాళ్ల ఆటకి అదే కలిసొచ్చింది, మగవాళ్ల ఆటకి అదే అడ్డుపడింది, మీ చేతిలో ఉన్న ఆ 3,000 డాలర్ల కాగితం కూడా అందులోంచే వచ్చింది. ఇక కట్టాలా అంటే, 9 ఏళ్ల పిల్లాడికి 3,000 ఎక్కువ. క్లబ్ లోగో చూసి కట్టకండి. కోచ్ ఎవరో, జట్టులో ఎంతమంది పిల్లలున్నారో చూసి, ఆ రెండూ బాగుంటే అప్పుడు ఆలోచించండి. ఎలా చూడాలో కింద లెక్కతో సహా రాస్తాను.

ముందు పాత సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే సాకర్ అమెరికాకి కొత్త ఆట అనే అపోహ మనవాళ్లలో బాగా ఉంది. అమెరికా సాకర్ ఫెడరేషన్ 1913లోనే పుట్టింది. 1921లో మొదలైన అమెరికన్ సాకర్ లీగ్‌లో ఫాల్ రివర్, బెత్లెహెమ్ లాంటి మిల్లు ఊళ్ల, ఉక్కు ఊళ్ల జట్లు స్కాట్లాండ్ నుంచి ఆటగాళ్లను జీతాలిచ్చి రప్పించుకునేవి. 1930లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్పులో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్లింది. ప్రపంచ కప్పు చరిత్రలో తొలి హ్యాట్రిక్ కొట్టిన బెర్ట్ పటెనాడ్ ఫాల్ రివర్ కుర్రాడే. కానీ అంతకుముందే, 1928-29లో, లీగ్‌కీ ఫెడరేషన్‌కీ కొట్లాట జరిగింది, దాని వెనకే ఆర్థిక మాంద్యం. 1933 నాటికి ఆ లీగ్ లేదు. 1950లో బెలో హొరిజాంటెలో ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించారు, ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ప్రపంచ కప్పుకే అర్హత రాలేదు. వలస వచ్చినవాళ్ల పిల్లలు బేస్‌బాల్‌కి, అమెరికన్ ఫుట్‌బాల్‌కి మళ్లిపోయారు. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆట చేరలేదు.

ఇప్పుడు మీరు చూస్తున్న సాకర్ రెండో పుట్టుక. అది ఫ్యాక్టరీ ఊళ్లలో కాక ఊరి శివారు కాలనీల్లో జరిగింది. 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో ఏవైఎస్ఓ అనే పిల్లల సంస్థ మొదలైంది. దాని మొదటి నియమం, జట్టులోని ప్రతి పిల్లాడూ ఆడాలి, ఎవరినీ బెంచి మీద కూర్చోబెట్టి ఇంటికి పంపకూడదు అని. తల్లిదండ్రులే కోచ్‌లు. ఎత్తూ బరువూ లేని పిల్లాడు కూడా ఆడొచ్చు, బంతి ఒకటి ఉంటే చాలు, అమెరికన్ ఫుట్‌బాల్ కంటే దెబ్బలు తక్కువ. కార్లున్న, శనివారం సెలవున్న మధ్యతరగతి ఇళ్లకి ఇది బాగా సరిపోయింది. 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌కి రావడంతో ఊపు వచ్చింది. 1977 ఆగస్టులో జెయింట్స్ స్టేడియంలో ఒక్క మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు. కానీ కాస్మోస్ ఆడిన ఎన్ఏఎస్ఎల్ అనే లీగ్ మోయలేనన్ని జట్లకి పెరిగి, వచ్చే డబ్బుకి మించి జీతాలిచ్చి, 1984 సీజన్‌తో మూతపడింది. విచిత్రం ఏమిటంటే లీగ్ పోయినా పిల్లల ఆట ఆగలేదు. పిల్లల ఆట, ప్రొఫెషనల్ ఆట వేర్వేరు దారుల్లో పెరిగాయి. పిల్లలకి నేర్పే క్లబ్‌కి పైన అమ్ముకోవడానికి లీగ్ లేదు కాబట్టి దానికి ఆదాయం ఒకటే, తల్లిదండ్రుల చెక్కు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది.

ఆడవాళ్లు ఎందుకు గెలిచారు?

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదు, ఆటల్లో కూడా. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కదానికే డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై మెట్టు) కాలేజీలు 85 స్కాలర్‌షిప్పుల వరకు ఇస్తుండేవి. దానికి సరితూగేలా అమ్మాయిలకి ఏదో ఒకటి పెట్టాలి. పాతిక మందికి పైగా పట్టే, ఖర్చు తక్కువయ్యే ఆట ఏది అంటే సాకర్. 1982లో మొదటి జాతీయ కాలేజీ మహిళల టోర్నీ 12 జట్లతో జరిగింది. ఇప్పుడు అన్ని డివిజన్లూ కలిపి వెయ్యికి పైగా కాలేజీలకు మహిళల జట్లున్నాయి. నార్త్ కరోలినా యూనివర్సిటీ ఒక్కటే 20కి పైగా టైటిళ్లు గెలుచుకుంది.

అదే కాలంలో మిగతా ప్రపంచం ఏం చేసింది? ఇంగ్లండ్‌లో 1921 నుంచి 1971 దాకా ఆడవాళ్లకి క్లబ్ మైదానాలు ఇవ్వకూడదని నిషేధం. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా, బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా అదే తంతు. అంటే పోటీ పడాల్సినవాళ్లు తమ అమ్మాయిల కాళ్లు తామే కట్టేసుకున్న రోజుల్లో అమెరికా కాలేజీలు స్కాలర్‌షిప్పులు ఇచ్చి ఆడించాయి. 1991, 1999, 2015, 2019 కప్పులు, ఐదు ఒలింపిక్ స్వర్ణాలు అలా వచ్చాయి. 1999 ఫైనల్‌కి రోజ్ బౌల్‌లో 90,185 మంది కూర్చున్నారు. ఆ మ్యాచ్ చూసిన అమ్మాయిలే తర్వాతి తరం ఆటగత్తెలు.

ఆ తేడా ఇప్పుడు చాలావరకు కరిగిపోయింది. స్పెయిన్, ఇంగ్లండ్ క్లబ్బులు అమ్మాయిలకి అకాడమీలు పెట్టాక 2023 ప్రపంచ కప్పులో అమెరికా ప్రీక్వార్టర్స్‌లోనే స్వీడన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. కోచ్‌గా ఎమ్మా హేస్ వచ్చాక 2024 పారిస్‌లో మళ్లీ స్వర్ణం గెలిచారు. ఇక ముందు గెలవాలంటే కాలేజీ ఆట ఒక్కటే సరిపోదు. దేశవాళీ మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ 2013లో 8 జట్లతో మొదలై 2026కి 16కి చేరింది. కాన్సస్ సిటీలో 2024లో మహిళల జట్టు కోసమే కట్టిన 11,500 సీట్ల స్టేడియం తెరిచారు. కాలేజీ నుంచి ఆటగాళ్లని పంచుకునే డ్రాఫ్ట్ పద్ధతిని కూడా ఆ లీగ్ 2024లో తీసేసింది.

మగవాళ్ల జట్టు ఎక్కడ ఆగింది?

అమ్మాయిలకి ఉపకారం చేసిన కాలేజీయే అబ్బాయిలకి ఆలస్యం చేసింది. కాలేజీ సీజన్ ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా, దాదాపు ఇరవై మ్యాచ్‌లు మూడు నాలుగు నెలల్లో కుక్కేస్తారు. మిగతా ఏడాది పోటీ మ్యాచ్‌లు తక్కువ. 18 నుంచి 22 ఏళ్ల మధ్య అమెరికా కుర్రాడు ఇలా ఆడుతుంటే, అదే వయసు జర్మన్ కుర్రాడు పదేసి నెలలు పెద్దవాళ్లతో లీగ్ ఆడుతుంటాడు. 22కి కాలేజీ ముగించుకుని వచ్చేసరికి అవతలివాడు నాలుగేళ్లు ముందున్నాడు. ఆ తేడా పూడ్చడం కష్టం.

రెండోది, అంతకంటే పెద్దది, డబ్బు. మన దగ్గర గల్లీ క్రికెట్‌కి ఎవరూ ఫీజు కట్టరు, అక్కడే చెయ్యి తిరుగుతుంది, తర్వాత ఎవడో చూసి అకాడమీకి తీసుకెళ్తాడు. ఇక్కడ సాకర్‌లో ఆ మొదటి మెట్టుకే ఫీజు. అందుకే స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు, ఈ దేశంలో ఈ ఆటని నిజంగా ప్రాణంగా ప్రేమించే పిల్లలు, చాలాకాలం ఆదివారం లీగుల్లోనే ఆడుకుంటూ ఉండిపోయారు, సెలక్టర్లు అక్కడికి వెళ్లలేదు.

అంతర్జాతీయంగా దీనికి ఒక మందు ఉంది. ఆటగాడిని వేరే దేశం క్లబ్‌కి అమ్మితే ఆ మొత్తంలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి నేర్పిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. 2 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయిన కుర్రాడు ఆ నాలుగు చిన్న సీజన్లూ ఒకే పిల్లల క్లబ్‌లో ఆడి ఉంటే ఆ క్లబ్‌కి 1 శాతం, అంటే 2 లక్షల డాలర్లు రావాలి. అది వస్తే క్లబ్ పదిమంది పేద పిల్లలకి ఉచితంగా నేర్పి, ఒకడు పైకొస్తే చాలనుకుంటుంది. కానీ అమెరికా ఫెడరేషన్ చట్టపరమైన చిక్కులున్నాయంటూ చాలా ఏళ్లు ఈ నియమాన్ని అమలు చేయనివ్వలేదు. అమెరికా ఆటగాడు డిఆండ్రే యెడ్లిన్ ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌కి వెళ్లినప్పుడు అతనికి నేర్పిన క్రాస్‌ఫైర్ క్లబ్ తన వాటా కోసం ఫిఫా దాకా వెళ్లాల్సి వచ్చింది. 2019లో మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్ఎస్ తన క్లబ్బులు ఈ డబ్బు అడుగుతాయని ప్రకటించాక గాలి మారింది. అయినా చిన్న క్లబ్బుల రోజువారీ బతుకు మాత్రం ఇంకా మీ చెక్కు మీదే.

ఎంఎల్ఎస్ గురించి క్లుప్తంగా. 1994 ప్రపంచ కప్పు నిర్వహించాలంటే ఒక పెద్ద లీగ్ పెట్టాలన్నది షరతు. 1996లో 10 జట్లతో మొదలైంది. పాత లీగ్ దివాలా కళ్లారా చూశారు కాబట్టి ఆటగాళ్ల కాంట్రాక్టులన్నీ లీగ్ చేతిలోనే పెట్టుకుని, జీతాలకి గట్టి పరిమితి పెట్టారు. అయినా 2002 సీజన్‌కి ముందు ఫ్లోరిడా జట్లు రెండూ మూతపడ్డాయి. ఆ తర్వాత మూడు పనులు నిలబెట్టాయి: 1999లో కొలంబస్‌తో మొదలైన సొంత సాకర్ స్టేడియాలు, 2007లో బెకమ్ కోసం తెచ్చిన, జీతం పరిమితి దాటి స్టార్లని తీసుకునే నియమం, 2008 నుంచి సొంత అకాడమీ కుర్రాళ్లని నేరుగా జట్టులోకి తీసుకునే వీలు. లీగ్‌లో చేరే ఫీజు 2007లో టొరంటోకి 1 కోటి డాలర్లు, 2025లో 30వ జట్టుగా వచ్చిన శాన్ డియేగోకి 50 కోట్లు. 2023లో మెస్సీ రాక సంగతి మీకు తెలిసిందే, కానీ నా దృష్టిలో ఆ మూడోదే అన్నిటికంటే పెద్ద మార్పు. మీ ఊరి ఎఫ్‌సీ డాలస్ అకాడమీ నుంచే జాతీయ జట్టు ఆటగాళ్లు వెస్టన్ మెకెన్నీ, రికార్డో పేపి, క్రిస్ రిచర్డ్స్ వచ్చారు. 2018 ప్రపంచ కప్పుకి అర్హత కూడా రాని జట్టు 2022లో ప్రీక్వార్టర్స్ ఆడిందంటే ఇలా అకాడమీల్లో, యూరప్‌లో పెరిగిన పిల్లల వల్లే.

యూరప్‌కి చిన్నప్పుడే పంపితే సరి కదా అంటారేమో. ఫిఫా 18 ఏళ్లలోపు పిల్లల్ని దేశం దాటించనివ్వదు. యూరోపియన్ యూనియన్ లోపలైతే 16కే కుదురుతుంది. అమెరికా స్టార్ ఆటగాడు పులిసిక్ తాతగారిది క్రొయేషియా, ఆ పాస్‌పోర్టు ఉండబట్టే అతను 18 దాకా ఆగకుండా జర్మనీలో ఆడగలిగాడు. భారతీయ పాస్‌పోర్టుతో ఆ దారి లేదు.

ఇక మీ బాబు సంగతి

మెట్లు ఇలా ఉంటాయి. అడుగున ఊరి రెక్ (సరదాగా ఆడుకునే) లీగ్, సీజన్‌కి సుమారు 100 నుంచి 250 డాలర్లు, కోచ్ ఎవరో ఒక పిల్లాడి నాన్నో అమ్మో. దానిమీద ట్రావెల్ లేదా సెలెక్ట్ జట్లు, ఏడాదికి మామూలుగా 1,500 నుంచి 3,000, జీతం తీసుకునే కోచ్. ఇంకా పైన ఈసీఎన్ఎల్, ఎంఎల్ఎస్ నెక్స్ట్, అమ్మాయిలకి గర్ల్స్ అకాడమీ లాంటి జాతీయ లీగులు. అక్కడ ఫీజుకి విమానాలూ హోటళ్లూ కలిపితే ఇంకా చాలా అవుతుంది. ఎంఎల్ఎస్ జట్ల అసలు అకాడమీలు ఎక్కువగా ఉచితం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: ప్రొఫెషనల్ క్లబ్ పేరు, లోగో ఉన్న ప్రతి పిల్లల జట్టూ ఉచిత అకాడమీ కాదు. అదే లోగోతో ఫీజు తీసుకునే జట్లు కూడా చాలా నడుస్తుంటాయి. రెండింటికీ కోచ్‌లు వేరు, దారి వేరు. 'ఇది అకాడమీ జట్టా, యూత్ జట్టా' అని తిన్నగా అడగండి.

వయసుని బట్టి ఆట తీరు 2017 నుంచి దేశమంతటా ఒకటే:

అండర్-8 దాకా 4కి 4, గోల్‌కీపర్ ఉండరు, 3వ సైజు బంతి. అండర్-9, 10లో 7కి 7, 25 నిమిషాల సగాలు రెండు, 4వ సైజు బంతి. అండర్-11, 12లో 9కి 9, 30 నిమిషాల సగాలు. 11కి 11, 5వ సైజు బంతి అండర్-13 నుంచే. 7కి 7లో మైదానం మీద ఒక గీత అదనంగా ఉంటుంది. గోల్‌కీపర్ బంతి పట్టుకోగానే అవతలి జట్టు ఆ గీత వెనక్కి పోవాలి, కీపర్ బంతిని గాల్లోకి తన్నకూడదు. వెనక నుంచి పాస్‌లతో ఆట కట్టడం నేర్పడానికే ఇది. పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు తలతో బంతి కొట్టడం నిషిద్ధం, కావాలని కొడితే అవతలివాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. మీరు ఇంట్లో హెడింగ్ నేర్పించకండి.

ఇప్పుడు అసలు లెక్క. 7కి 7 మ్యాచ్ 50 నిమిషాలు. మైదానం మీద 7 మంది అంటే మొత్తం 350 నిమిషాలు పంచాలి. జట్టులో 9 మంది ఉంటే ఒక్కొక్కరికి 39 నిమిషాలు వస్తాయి. నియమాలు ఒప్పుకునే గరిష్ఠం 12 మందిని తీసుకుంటే 29 నిమిషాలే, అదీ సమానంగా పంచితే. గెలవాలనే తొందరలో ఉన్న కోచ్ అయితే మీవాడికి 15 మిగలొచ్చు. ఎన్ని నిమిషాలు ఆడినా ఫీజు మాత్రం ఒకటే. అందుకే మొదటి ప్రశ్న: జట్టులో ఎంతమంది? కనీసం సగం మ్యాచ్ ఆడిస్తామని రాతపూర్వకంగా ఇస్తారా? 7కి 7 జట్టుకి 10 మంది దాటితే నేను అంత డబ్బు పెట్టమనను.

రెండో ప్రశ్న కోచ్. ట్రైఔట్ (జట్టు ఎంపిక) రోజు కనిపించే డైరెక్టర్‌ని కాదు, మంగళ గురువారాల్లో మీ బాబుని ఆడించే మనిషిని చూడాలి. ఫెడరేషన్ లైసెన్సులు గ్రాస్‌రూట్స్ తర్వాత డి, సి, బి, ఎ అని పైకి పోతాయి. ఈ వయసుకి డి ఉంటే చాలు, లైసెన్సు కంటే ప్రాక్టీస్ ముఖ్యం. చెప్పకుండా వెళ్లి ఒక గంట గట్టు మీద కూర్చోండి. పిల్లలు వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తూ ఉంటే ఆ గంట వృథా. ప్రతివాడి కాళ్ల దగ్గరా బంతి ఉండాలి, లేదా చిన్న చిన్న గుంపులుగా 3కి 3, 4కి 4 ఆడుతుండాలి. మ్యాచ్‌లో కోచ్ ప్రతి క్షణం 'పాస్ చెయ్, కొట్టు' అని అరుస్తుంటే పిల్లాడు తనంతట తాను చూసి నిర్ణయం తీసుకోవడం నేర్చుకోడు. ఎత్తుగా ఉన్న ఇద్దరు పిల్లల్ని ముందుపెట్టి, వెనక నుంచి దూరంగా తన్నించి గెలిచే జట్లు ఈ వయసులో బోలెడు. అండర్-10లో ట్రోఫీలు వాళ్లవే. 13 ఏళ్లకి మిగతావాళ్లు ఎదిగాక ఆ ఎత్తుగడ పనిచెయ్యదు, అప్పటికి పాస్ నేర్పే వయసు దాటిపోయి ఉంటుంది. క్లబ్ వాళ్లు ట్రోఫీల ఫొటోలు చూపిస్తే పట్టించుకోకండి.

మూడోది, ఆ 3,000లో ఏముందో విడమరిచి అడగండి. యూనిఫాం విడిగానా? టోర్నమెంట్ ఫీజు, కోచ్ ప్రయాణ ఖర్చు, చలికాలం ఇండోర్ ప్రాక్టీస్ కలిపే చెప్పారా? చాలా క్లబ్బుల్లో ఒప్పందం పూర్తి ఏడాదికి, నెలవారీ కడుతున్నా మధ్యలో మానేస్తే మిగతాది కూడా కట్టాలి. సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి. ఫీజు తగ్గింపు దరఖాస్తు దాదాపు ప్రతి క్లబ్‌లోనూ ఉంటుంది, అడిగితేనే చెప్తారు, అదీ ట్రైఔట్లకి ముందే.

ఇవన్నీ చూసి కుదరకపోతే నా సలహా: ఇంకో ఏడాది రెక్‌లోనే ఉంచి, చలికాలంలో ఫుట్‌సాల్‌లో (హాల్లో ఆడే చిన్న సాకర్‌లో) వేయండి. బంతి బరువుగా, ఎగరకుండా ఉంటుంది, స్థలం ఇరుకు, ఒక్కొక్కడికి బంతి ఎన్నోసార్లు దొరుకుతుంది. రోజూ ఇంటి దగ్గర పావుగంట గోడకి కొట్టి రెండు కాళ్లతోనూ ఆపడం. ఫస్ట్ టచ్ (వచ్చిన బంతిని మొదటి తాకుడుతోనే అదుపు చేయడం) బాగున్న పిల్లాడిని 11 ఏళ్లకి ఏ క్లబ్ అయినా తీసుకుంటుంది. ఆలస్యమైపోతుందని భయపెట్టే మాటల్లో అమ్మకమే ఎక్కువ.

బాబు ఏ నెలలో పుట్టాడో మీరు రాయలేదు, అది అవసరం. ఇన్నాళ్లూ జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టినవాళ్లని ఒక జట్టుగా చేసేవారు. 2026-27 సీజన్ నుంచి చాలా లీగులు ఆగస్టు 1 నుంచి జులై 31 పద్ధతికి మారుతున్నాయి. ఎంఎల్ఎస్ నెక్స్ట్ పై స్థాయి మాత్రం పాత పద్ధతిలోనే ఉంటుంది. అక్టోబర్‌లో పుట్టిన పిల్లాడు నిన్నటిదాకా జట్టులో చిన్నవాడు, ఇకమీదట పెద్దవాళ్లలో ఒకడు. జూన్‌లో పుట్టినవాడు మాత్రం ఇకమీదట చిన్నవాళ్లలో ఒకడు. టెక్సాస్ స్కూళ్లకి గీత సెప్టెంబర్ 1 కాబట్టి ఆగస్టులో పుట్టినవాళ్లది ఇంకో చిక్కు: వాళ్లు ఒక తరగతి కిందివాళ్లతో ఆడాల్సి వస్తుంది. ఈ వయసులో ఆరు నెలల తేడా అంటే మామూలు కాదు. ట్రైఔట్‌లో మీవాడు తేలిపోయినట్టు కనిపిస్తే ముందు పుట్టిన నెల చూడండి, తర్వాతే ఆట గురించి బాధపడండి.

పాప, కాలేజీ

పాపకి 7 ఏళ్లు, రెక్‌లో 4కి 4 చాలు, ఇప్పుడే వేరే ఆలోచన వద్దు. పన్నెండేళ్లు దాటాక మాత్రం ఒక్కటి పట్టించుకోండి. అమ్మాయిల్లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ చిరగడం అబ్బాయిల కంటే బాగా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు చేస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయి. కోచ్ చేయిస్తున్నాడా అని అడగండి. ఇద్దరికీ 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ నొప్పి వస్తే అది ఎదుగుదల మడమ మీద పడి వచ్చే నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. విశ్రాంతే మందు, మాత్రలు వేసి ఆడించకండి.

కాలేజీ స్కాలర్‌షిప్ కోసమే క్లబ్ అనుకుంటే లెక్క తేలదు. డివిజన్ 1లో మహిళల జట్లు దాదాపు 350, పురుషులవి 200 పైచిలుకు. అంటే అదే ప్రతిభకి పాపకి ఉన్న అవకాశం బాబుకి లేదు, పైగా మగవాళ్ల జట్లలో విదేశీ విద్యార్థులు చాలా ఎక్కువ. మొన్నటిదాకా పురుషుల జట్టు మొత్తానికి 9.9, మహిళలకి 14 స్కాలర్‌షిప్పులు, వాటినే ముక్కలు చేసి పంచేవారు. కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయంలో 2025లో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలు ఇప్పుడు 28 మంది దాకా ఉంచుకుని ఎంతమందికైనా ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. ఐవీ లీగ్, డివిజన్ 3 ఆటకి డబ్బు ఇవ్వవు, కానీ అడ్మిషన్లో కోచ్ మాట పనికొస్తుంది, చదువులో ముందున్న మన పిల్లలకి నిజంగా ఉపయోగపడేది అదే. డివిజన్ 1 కోచ్‌లు నేరుగా మాట్లాడగలిగేది పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి. అంతకుముందే మీ పిల్లాడి మీద కాలేజీల కన్ను పడిందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

హైస్కూల్ జట్టు మరచిపోకండి, టెక్సాస్‌లో చలికాలం నుంచి వసంతం దాకా సీజన్, ఫీజు దాదాపు ఉండదు. ఎంఎల్ఎస్ నెక్స్ట్ పై స్థాయిలో ఆడే పిల్లల్ని మామూలుగా స్కూల్‌కి ఆడనివ్వరు, ఆ ఎంపిక వచ్చినప్పుడు పిల్లాడినే అడగండి.

చివరగా మీరు అడగనిది. పిల్లలు 13 దాటాక రిఫరీ కోర్సు చేయొచ్చు, ఆట అర్థం కావడానికి అంతకంటే మంచి దారి లేదు, చిన్న పిల్లల మ్యాచ్‌లకి డబ్బు కూడా ఇస్తారు. కానీ పిల్లలు హెచ్-4 మీద ఉంటే ఆ డబ్బు తీసుకోవడం అనుమతి లేని పని కిందికి వస్తుంది, తర్వాత ఎఫ్-1కో గ్రీన్‌కార్డుకో వెళ్లినప్పుడు ఇబ్బంది. కోర్సు చేయనివ్వండి, డబ్బు వచ్చే అసైన్‌మెంట్లు మాత్రం ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే. మీరు శనివారాలు రెక్ జట్టుకి జీతం లేని వాలంటీర్ కోచ్‌గా వెళ్లడానికి ఆ అడ్డు లేదు, నేపథ్య తనిఖీ, సేఫ్‌స్పోర్ట్ అనే పిల్లల భద్రత శిక్షణ పూర్తిచేస్తే చాలు. కోచ్‌లు దొరక్క జట్లు ఆగిపోయే సీజన్లు ఉంటాయి, కాబట్టి రిజిస్ట్రేషన్ ఫారంలో ఆ గడి టిక్ పెట్టండి. కోచ్ పిల్లలకి ఫీజు తగ్గించే లీగులు కూడా ఉన్నాయి.